ఆరో స్వరం అప్పగింత

మధ్య జావా, క్లాతెన్ జిల్లా, కెబోన్‌దువెత్ పల్లెలో కాపురముంటున్న పెట్రుస్ కసిహాది అనే నేను, వయస్సు డెబ్బై నాలుగు సంవత్సరాలు, వృత్తి గిటారు వాయించడం (గుర్తింపు కార్డులో రైతు అని ఉంది, అది మా నాన్న వృత్తి), తెలివి నిలకడగా ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. పోయిన ఏడాది నుంచి కుడిచేతి మూడు వేళ్లు మాట వినడం లేదు కాబట్టి, అక్షరాలు వంకరపోయిన చోట వేళ్లని తిట్టండి గానీ బుద్ధిని అనుమానించకండి. బుద్ధి బాగుందని డాక్టరమ్మ కాగితం కూడా రాసి ఇచ్చింది. ఇరవై ఆరేళ్ల కిందట పరీక్ష చేసి ఉంటే ఇచ్చేది కాదేమో.

దీనికి ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాయవలసినవి చాలా ఉన్నా రాయలేదు.

1. అమలు, నివాసపు ఇల్లు.

నా ఏకైక కుమార్తె అగ్నెస్ రెత్నోను ఈ వీలునామాకు అమలుకర్తగా నియమిస్తున్నాను. అది సెమరాంగ్‌లో పురుళ్లు పోసే నర్సు. లోకంలోకి వచ్చేవాళ్లని పట్టుకోవడం అలవాటైన చేతులకి, పోయినవాడి సామాను సర్దడం కష్టం కాదు. ఇల్లు, వంటగది, బావి, పెరట్లో పనసచెట్లు రెండూ దానికి చెందుతాయి.

వంటింటి గుంజలకి ఆ కొస నుంచి ఈ కొసకి బిగించిన ఉక్కుతీగ ఒకటి ఉంది. గాలి వీచినప్పుడు అది పాడుతుందని నేను కట్టాను. రెత్నో వాళ్లమ్మ దాని మీద తువ్వాళ్లు ఆరేసేది. ఆ తీగ ఉంచాలో తీసెయ్యాలో రెత్నో ఇష్టం. ఉంచితే మాత్రం తువ్వాళ్లు ఆరేస్తూనే ఉండమని కోరిక.

2. ముందు మండపం, దాని కింది స్థలం.

మా నాన్న కట్టించిన ముందు మండపంలో ఊరి గమెలాన్, అంటే కంచు పలకలూ గిన్నెలూ గంటలతో వాయించే మేళం, ఉంది. దాని పేరు క్యయి ఉదన్ అరుమ్, ఊళ్లో అందరూ తాతగారు అంటారు. చర్చికి వెళ్లేవాళ్లూ మసీదుకి వెళ్లేవాళ్లూ కూడా గురువారం సాయంత్రం పెద్ద గంట ముందు పువ్వులు పెట్టి తాతగారికి చెప్పుకునే పోతారు. మండపం, స్థలం నా తదనంతరం ఊరికే చెందాలని నా నిర్ణయం.

అయితే ఆ స్థలంలో సగం నాది, సగం నా అక్క శ్రీమతి సామిరాది. ఆమె ఎనభై ఒకటో ఏట ఉంది, రెండు మడుల అవతల ఇంట్లో ఉంటుంది. ఆమె సమ్మతి లేనిదే ఈ అంశం చెల్లదని నోటరీ గారు స్పష్టంగా చెప్పారు. వేరే దారి లేదా అని అడిగాను, లేదన్నారు. ఆయన కాగితాలు మడత పెట్టుకుంటుంటే ఇంకోసారి అడిగాను. ఎందుకో ఆరో అంశంలో రాశాను.

3. రికార్డింగులు.

బిస్కెట్ డబ్బాలు పదకొండు, వాటిలో క్యాసెట్లు నాలుగు వందల పన్నెండు. అన్నిటి మీదా పేర్లు నా రాతలోనే ఉన్నాయి. ఇది సంగీతమేనా అని నన్ను అడిగినవాళ్లు చాలామంది. మా అక్క ఒకసారి మొదటి డబ్బాలోది ఒకటి విని, "కుండలో కప్పని పెట్టి ఊపినట్టుందిరా. బాగానే ఉంది, కప్పకి," అంది. అది నిజంగా కప్పలతో చేసిన రికార్డింగే. నాట్ల ముందు మళ్లలో నీళ్లు నిలిచినప్పుడు, తీగల మధ్య వెదురు చీలికలు దోపి, కప్పలు ఆగినప్పుడు నేను, నేను ఆగినప్పుడు కప్పలు. నాతో ఒద్దికగా వాయించిన మేళగాళ్లు వాళ్లే.

రెండో డబ్బాలోవి పుట్టు అమ్మే పర్తోవి. వెదురు గొట్టాల్లో బియ్యప్పిండి, బెల్లం ఆవిరి మీద ఉడుకుతుంటే అతని బండి ఈల వేస్తుంది కదా, ఆ ఈలకి నా తీగలు కలిపి ఏడాదిపాటు రోజూ సాయంత్రం వాయించాను. మొదట్లో వెక్కిరిస్తున్నానని కోపం వచ్చి వారం రోజులు మా సందులోకే రాలేదు. మా ఆవిడ వెళ్లి బతిమాలి తీసుకొచ్చింది. ఆ తర్వాత అలవాటు పడిపోయి, గుమ్మం ముందు బండి ఆపి, "ఏం గురువుగారూ, ఇవాళ నా ఈల ఎక్కువైందా తగ్గిందా?" అని అడిగి మరీ వెళ్లేవాడు. పర్తో పోయాడు. బండి అతని కోడలు తోస్తోంది. క్యాసెట్లు ఆమెకివ్వాలి.

నాలుగో డబ్బాలో ఒకే ఒక్క క్యాసెట్టు ఉంటుంది. మెరపి అగ్నిపర్వతం బూడిద కురిపించిన రోజు గిటారుని వాకిట్లో వెల్లకిలా పడుకోబెట్టి, పక్కన రికార్డరు పెట్టి, తలుపేసుకుని లోపల కూర్చున్నాను. నలభై నిమిషాలు. బూడిద తీగల మీద పడే చప్పుడు, చెవి పెట్టి వింటే గానీ వినపడదు. నా రికార్డింగుల్లో నాకు సిగ్గనిపించనిది అదొక్కటే, ఎందుకంటే అందులో నేను వాయించలేదు. అది క్లాతెన్ చర్చి పాటల బృందానికి ఇస్తున్నాను. ఎందుకిచ్చాడో అర్థం కాక ఓ పదేళ్లు దాచి పెడతారు, అదే కావాలి.

మిగిలినవి, అంటే గాలిపటాలకి కట్టిన తీగలవీ, చెరకు ఫ్యాక్టరీ కూతకి జోడీ కట్టినవీ, ఎండిన బావిలో దిగి వాయించినవీ, మండపంలో పెద్ద గంట పక్కనున్న బీరువాలో ఉంచాలి. ఎవరైనా వినొచ్చు. బూజు పడితే క్యాసెట్లు పారేసి డబ్బాల్లో అప్పడాలు పోసుకోండి. డబ్బాలు మంచివి.

4. నా భార్య గొంతు.

స్వర్గస్థురాలైన నా భార్య వర్సిని గొంతు అరవైకి పైగా క్యాసెట్లలో ఉండేది. నేను వాయించుకుంటూ ఉంటే వంటింట్లోంచి, "ఏవండీ, అన్నం చల్లారిపోతోంది," అనేది. ప్రతిసారీ అదే మాట, అదే జాగాలో, సరిగ్గా వాయిద్యం కుదురుకునే వేళకి. కింద అయిదో అంశంలో వచ్చే హందోకో అవన్నీ తీసెయ్యమన్నాడు. నేను కూర్చుని బ్లేడుతో టేపు కోసి, అతికించి, ఆవిణ్ణి అరవై చోట్ల తీసేశాను. అప్పుడు ఆవిడ బతికే ఉంది, పక్కన కూర్చుని కొత్తిమీర తుంచుతూ చూసింది.

ఒక్క క్యాసెట్టులో మిగిలిపోయింది. ఏడో డబ్బా, ఆకుపచ్చ అట్ట. అన్నం చల్లారిపోతోందని ఆవిడ అంటుంది, "ఒక్క నిమిషం" అని నేనంటాను. ఆ తర్వాత ఇరవై ఏడు నిమిషాలు నేను వాయిస్తూనే ఉంటాను. ఆ క్యాసెట్టు రెత్నోకి. మొదటి రెండు నిమిషాలూ విని ఆపెయ్యమ్మా, తర్వాతదంతా నేనే.

5. హందోకో.

యోగ్యకర్తలో క్యాసెట్ల కొట్టు పెట్టి, నా వాయిద్యాన్ని ఆల్బముగా వేసి, పత్రికల్లో నా పేరు పక్కన "ప్రయోగశీలి" అన్న మాట ఎక్కించిన హందోకోకి: నా శ్రుతి యంత్రం, బ్యాటరీ లేకుండా. పచ్చ దీపం వెలిగితేనే స్వరం సరైనదని నాకు నేర్పింది ఆయనే. ఆ దీపం ఇక వెలగదు. ఆయన మీద నాకు పగ లేదు. పాతికేళ్లు ఉండేది, ఈమధ్యనే లెక్కచూసుకుంటే అందులో ముప్పాతిక భాగం నా మీద నాకున్నదే. ఆయన అడిగాడు, అడగడం ఆయన పని. ఒప్పుకున్నది నేను.

6. ఒప్పుకోలు.

ఈ అంశంలో ఎవరికీ ఆస్తి ఏమీ రావడం లేదు. అయినా వీలునామాలోనే రాస్తున్నాను, ఎందుకంటే దీన్ని ఊరందరి ముందూ పైకి చదువుతారు.

మా తాతగారికి ఐదే స్వరాలు: ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు. నాలుగు లేదు, ఎందుకు లేదని అడక్కండి. ఏ ఊరి మేళం శ్రుతి ఆ ఊరిదే, పక్క ఊరి మేళంతో కలవదు, కలవాలని ఎవరూ అనుకోరు కూడా. మా తాతగారి ఆరో స్వరం కొంచెం కిందికి ఉండేది. కొత్తగా విన్నవాళ్లకి పుల్లగా అనిపించేది. మా అక్క ఆ పులుపు మీదే నిలబడి పాడేది. ముప్ఫై ఒక్క ఏళ్లు ఈ మేళానికి గాయని ఆవిడ. ఆరు దగ్గరకొచ్చి ఆగి, ఊపిరి బిగబట్టి, దాన్ని కొంచెం కిందికి వంచి వదిలితే, కోతల నుంచి అలిసి వచ్చినవాళ్లు కూడా చేతిలో గ్లాసు పక్కన పెట్టేసేవాళ్లు.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో నేను గిటారుని ఆ మేళానికి కలపాలని చూశాను. నాలుగు స్వరాలు తీగలు బిగించీ వదిలీ ఎలాగో సర్దుకున్నాయి. ఆరు ఒక్కటే మొండికేసింది. అక్క ఎదురుగా కూర్చుని ఆరు పాడుతుంటే, గిటారు మెట్టు ఒకటి ఊడబీకి, అంగుళంలో పదో వంతు ఇటు, అటు జరుపుకుంటూ మూడు రోజులకి పట్టుకున్నాను. ఆ మూడు రోజులూ అక్క విసుక్కోలేదు. "నీ చెవికి మడ్డి పట్టిందిరా, ఇంకోసారి విను," అని మళ్లీ పాడేది. మేళానికి తగ్గట్టు గిటారు వంగింది. అది సరైన పద్ధతి.

తొంభై ఎనిమిదిలో ఆ పద్ధతి తిరగేశాను. హందోకో ఆల్బములో పియానో కూడా పెడతానన్నాడు. పియానో ఎవరికోసమూ వంగదు. దాని పక్కన తాతగారి ఆరు చెవిలో ముల్లులా ఉందన్నాడు. "ఒక్క స్వరం కదా కసిహాదీ, కాస్త పైకి లేపించండి," అన్నాడు. ఆల్బము మీద నా పేరు పెద్దక్షరాలతో ఉంటుందని కూడా అన్నాడు. దాచుకోను, ఆ మాట నాకు బాగా వినపడింది.

మా ఊరి మేళానికి శ్రుతి చూసేవాడు తుకిజో. నాకు బడిలో బల్ల పక్కవాడు. ఆకురాయితో పలక అడుగున చివరలు గీకితే స్వరం పైకి పోతుంది, నడుమ గీకితే దిగుతుంది. ఎటు గీకినా కంచు పలచబడుతుంది. ఆరో స్వరమంటే ఒక్క పలక కాదు, పలకలూ గిన్నెలూ చిన్నా పెద్దా కలిపి పంతొమ్మిది. నేను అడిగినప్పుడు వాడు చాలాసేపు గోళ్లలోని కంచుపొడి తీసుకుంటూ కూర్చున్నాడు. తర్వాత, "ఒరేయ్ కసీ, కొయ్య అయితే అతికించొచ్చు. కంచు గీకితే పొడే మిగుల్తుంది. మీ అక్కనడిగావా?" అన్నాడు.

అడిగాను, సరేనంది అని చెప్పాను.

అడగలేదు. అడిగితే వద్దంటుందని తెలుసు కాబట్టే అడగలేదు. అక్క అప్పుడు వోనొగిరిలో పెళ్లి పాటలకి వెళ్లి ఉంది, పది రోజులకి గానీ రాదు. తాతగారి మీద చెయ్యి వేసే ముందు శ్రుతి చూసేవాడు మూడు రోజులు ఉపవాసం ఉండాలని ఆచారం. తుకిజో ఉన్నాడు. నేను మనసు మార్చుకుంటానేమోనని ఉన్నాడని ఇప్పుడు అనిపిస్తోంది. మూడో రోజు సాయంత్రం వాడి ఉపవాసం విడిపించడానికి నేనే కాఫీ పట్టుకెళ్లాను.

అక్క తిరిగొచ్చిన వారం సాధకానికి కూర్చున్నాం. తన వంతు వచ్చింది, నోరు తెరిచింది, ఆరు మోగింది. ఆగిపోయింది. ఇంకోసారి మోగించమంది, మోగించారు. భుజం మీద కండువా తీసి నాలుగు మడతలు పెట్టుకుంది. "తాతగారు పోయారు. ఆయన చొక్కా తొడుక్కుని ఎవరో కూర్చున్నారు," అని లేచి వెళ్లిపోయింది. మళ్లీ పాడలేదు. ఇక్కడే కాదు, ఎక్కడా. ఎవరెవరో వచ్చి పిలిచారు, వెళ్లలేదు. సోయాగింజలు నానబెట్టి, ఆకుల్లో చుట్టి పులియబెట్టి, ఆ టెంపె అట్టల్ని సంతకి పంపుకుంటూ బతికింది. నాతో మాట మానేసింది. తుకిజోతో కూడా మానేసింది. అడిగినవాడు తమ్ముడు, చేసినవాడు తమ్ముడి స్నేహితుడు, ఇద్దరూ ఒకటే అనుకుంది.

తుకిజో ఆవిడ దగ్గరికి వెళ్లి, నువ్వు ఒప్పుకున్నావని మీ తమ్ముడే చెప్పాడమ్మా అని ఒక్క మాట అని ఉంటే వాడి మీద పడ్డ నింద పోయేది. వాడు అనలేదు. నా అబద్ధం వాడికి ఆ రోజే తెలిసిపోయింది. ఒక్కసారి కూడా నన్ను నిలదీయలేదు. మా ఇంటికి కాఫీకి రావడం మాత్రం మానేశాడు. నాలుగేళ్ల కిందట పోయాడు. ఊళ్లో ఇప్పటికీ తాతగారి గొంతు పిసికినవాడు తుకిజో అనే అంటారు. కాదు. ఆకురాయి పట్టుకున్న చెయ్యి వాడిది, దాన్ని తోసింది నా అబద్ధం. ఇది ఊరంతా వినేలా, తుకిజో కూతురు లస్మి వినేలా, మా అక్క వినేలా చదవమని అమలుకర్తను ఆదేశిస్తున్నాను.

చేతులు కాలాక ఆకులు పట్టుకుంటున్నాడని అంటారు. నిజమే, అదే చేస్తున్నాను.

7. గిటారు, తెల్లగీత.

పైన చెప్పిన గిటారు కుమారి లస్మికి చెందుతుంది. తండ్రి తర్వాత శ్రుతి చూసే పని ఆమే చేస్తోంది, మూడు జిల్లాల వాళ్లు ఆమెనే పిలుస్తారు.

ఆ గిటారుని కూడా తొంభై ఎనిమిదిలో నేను పియానోకి తగ్గట్టు మార్చేశాను. జరిపిన మెట్టు పీకేసి, పాత గాడిలో కొయ్యపొడీ జిగురూ కూరి, మెట్టుని అందరి గిటార్లలో ఉండే చోటికే తెచ్చాను. పాత ఆరు ఇక భూమ్మీద ఎక్కడా లేదని ఇన్నేళ్లూ నమ్మాను. ఎనభై ఏడులో అక్క పాడిన క్యాసెట్టు ఒకటి ఉంది గానీ దాన్ని నమ్మడానికి లేదు. రికార్డరు బ్యాటరీలు అయిపోవస్తుండగా తీసింది, టేపు మెల్లగా తిరిగింది, వింటే చివరికొచ్చేసరికి అక్క గొంతు చిలకలా పైకి పోతుంది.

పోయిన నెల ఈ వీలునామా కోసం సామాను జాబితా రాస్తూ గిటారు దుమ్ము తుడిచాను. కొబ్బరినూనె రాసి రుద్దుతుంటే, నల్లటి కొయ్య మీద, మెట్టు పక్కన, వెంట్రుకంత తెల్లగీత కనపడింది. నేను పూడ్చిన గాడి. పూడ్చిన పొడి ఏళ్లకి వెలిసిపోయి తెల్లబడింది. పాత ఆరు అక్కడే ఉంది, నా మంచం కిందే. వేళ్లు పని చేస్తున్నప్పుడు ఎప్పుడైనా సిగ్గు విడిచి ఆ గిటారు తుడిచి ఉంటే అప్పుడే కనపడేది.

కావున లస్మి ఆ తెల్లగీత ప్రకారం ఆరో స్వరాన్ని పట్టుకుని, తాతగారి పంతొమ్మిది పలకలనూ, గిన్నెలనూ తిరిగి పాత చోటికి దించాలి. కంచు ఇంకొక్క గీకుడికి ఓర్చుకుంటుందని ఆమే చెప్పింది. రెండో గీకుడికి ఓర్చుకోదు, బొంగురుపోతుంది. అంచేత తొందరపడొద్దు. లస్మీ, గీత వెంట్రుకంతే, నిజమే. కానీ వెంట్రుకలో సగం అటైనా ఇటైనా అక్క మళ్లీ కండువా మడత పెట్టుకుంటుంది.

8. అక్కకు.

ఎనభై ఏడు క్యాసెట్టు మా అక్క సామిరాకి. చివర్లో గొంతు పైకి పోవడం ఆవిడ తప్పు కాదు, బ్యాటరీలది. నేను పోయిన నలభయ్యో రోజు ప్రార్థనకి తాతగారిని పాత శ్రుతిలో వాయించాలి. అక్కని ఎవరూ వెళ్లి బతిమాలకూడదు. ఆవిడ ఇంటివైపు తలుపులు మాత్రం తెరిచి ఉంచండి. చాప మీద గాయని చోటు ఖాళీగా ఉంచండి, ఇంకెవరినీ కూర్చోబెట్టవద్దు. ఆవిడ రాకపోతే రాదు. రెండు మడులే కదా, వినపడుతుంది.

చేర్పు, సంతకాల రోజున.

పై ఎనిమిది అంశాలూ మూడు వారాల కిందట రాసినవి. ఈ రోజు నోటరీ గారు వచ్చారు. రెండో అంశం కోసం అక్క సమ్మతి కావాలి గనుక లస్మి వెళ్లి తీసుకొచ్చింది. స్థలం కాగితం మీద వేలిముద్ర కావాలని మాత్రమే చెప్పిందట, అందుకే వచ్చింది. ఇరవై ఆరేళ్ల తర్వాత మా అక్క గొడుగు గోడకి ఆనించి, గుమ్మం పక్క కుర్చీలో, నా వైపు చూడకుండా కూర్చుంది.

నోటరీ గారు చదవడం మొదలుపెట్టారు. "గట్టిగా చదవండి బాబూ, కుడిచెవి ఎప్పుడో పోయింది, ఎడమది పోతోంది," అంది. ఆయన గట్టిగా చదివారు, అయినా వినపడలేదు. ఎనిమిదో అంశంలో రెండు మళ్ల అవతలికి వినపడుతుందని రాసుకున్నది నేనే. చివరికి లస్మి ఆవిడ ఎడమచెవి దగ్గర కూర్చుని, ఒక్కో వాక్యం అరిచి చదివింది. ఆరో అంశం కూడా. నేను పోయాక చదవమన్నది నేను బతికుండగానే, వాకిట్లో నిలబడ్డ ఇరుగుపొరుగు అందరికీ వినపడేలా, తుకిజో కూతురి గొంతుతో వినవలసి వచ్చింది. "అడిగాను, సరేనంది అని చెప్పాను. అడగలేదు," అన్నది లస్మి రెండుసార్లు చదివింది, అక్క మళ్లీ చదవమంది కనుక.

అక్క లస్మి చెయ్యి పట్టుకుని, "మీ నాన్న పాడె మా ఇంటి ముందు నుంచే వెళ్లిందే తల్లీ. నేను సోయాగింజలు కడుక్కుంటూ కూర్చున్నాను, లేవలేదు. ఒక్క పువ్వు వేయలేదు," అని ఏడ్చింది. లస్మి కూడా ఏడ్చింది. నాకు ఏడవడానికి మొహం చెల్లలేదు.

కాసేపటికి కళ్లు తుడుచుకుని, "ఆరు మళ్లీ ఎక్కడ దొరికిందన్నాడు వీడు?" అని అడిగింది. లస్మి గిటారు తెచ్చి తెల్లగీత చూపించింది. అక్క దాన్ని వేలితో తడిమింది. "గీత చూసి స్వరం పెడతారా మీరు? ఐదు తెచ్చావా?" అంది. ఐదో స్వరాన్ని ఎవరూ ముట్టుకోలేదు, అది పాతదే. కొలతలు చూసుకోవాలని లస్మి ఒక ఐదో పలకని తువ్వాల్లో చుట్టి తెచ్చింది. అక్క దాన్ని ఎడమచెవికి ఆనించుకుని, వేలి కణుపుతో తట్టి, కళ్లు మూసుకుని ఆరు పాడింది. ఒక్క స్వరమే. గొంతు గరగరలాడింది, స్వరం కదల్లేదు.

లస్మి తెల్లగీత మీద తీగ కింద అగ్గిపుల్ల దూర్చి, తీగ మీటింది. రెండూ ఒకటే. వెంట్రుకలో సగం కూడా తేడా లేదు. గిటారు అక్కకి వినపడలేదు. లస్మి మొహం చూసి, "కలిసిందా?" అని అడిగింది.

ఇన్నాళ్లూ నీ దగ్గరే ఉందా అక్కా అని నేను అడిగాను. లస్మి ఆ మాట చెవిలో చెప్పింది. "నా దగ్గర కాక ఎక్కడికి పోతుంది? ఎవరూ అడగలేదు," అంది అక్క.

స్థలం సంగతి కూడా అప్పుడే అడిగాను. నా నోటితో, దగ్గరికి వెళ్లి, ఎడమచెవిలో. "ఇప్పుడడిగావు," అని వేలిముద్ర వేసింది. రెత్నో కాఫీ తెచ్చింది, అక్క ముట్టుకోలేదు. చీకటి పడకముందే గొడుగు తీసుకుని వెళ్లిపోయింది. మడి గట్టు మీద లస్మి చెయ్యి పట్టుకుని నడిపించింది.

కావున ఏడో అంశంలో "తెల్లగీత ప్రకారం" అన్న మాటలు కొట్టివేసి, "సామిరా గొంతు ప్రకారం" అని చదువుకోవాలి. ఎనిమిదో అంశంలో నలభయ్యో రోజు దాకా ఆగాలన్నది రద్దు చేస్తున్నాను. లస్మి సోమవారం నుంచి ఉపవాసం మొదలుపెడుతుంది, గురువారం ఆకురాయి పడుతుంది. నేను బతికుంటే తాతగారి ఆరు మళ్లీ వింటాను. పోగొట్టినవాడికి వినపడుతుంది, దాచినావిడకి వినపడదు. దీన్ని సరిచేసే అంశం ఏ నంబరు కింద రాయాలో నోటరీ గారికి కూడా తెలియలేదు. వాయించేటప్పుడు ఆవిడ చోటు చాప మీద కాకుండా ఆరో స్వరం పలక పక్కన వెయ్యండి, చెవి ఆనించుకునేంత దగ్గరగా. వస్తుందో రాదో ముందు వెళ్లి అడగండి. నేను వెళ్లగలిగితే నేనే అడుగుతాను.

పై మాటలన్నీ చదివించుకుని, విని, నిజమని ఒప్పుకుని ఇందులో చేవ్రాలు చేస్తున్నాను.

కెబోన్‌దువెత్, రెండు వేల ఇరవై నాలుగు నవంబరు పద్నాలుగు, గురువారం, జావా ఐదు రోజుల వారం లెక్కలో క్లివోన్.

(చేవ్రాలు) పెట్రుస్ కసిహాది
ఎడమచేత్తో

సాక్షులు:
1. యుస్తినుస్ పర్జినో, చర్చి గంట కొట్టేవారు
2. శ్రీమతి రుబియాతి, పుట్టు బండి, పర్తో గారి కోడలు

(రెండో సాక్షికి మూడో అంశంలో ఇచ్చిన క్యాసెట్లు ఈ రోజే చేతికిచ్చేశాను. సాక్షికి వీలునామాలో వాటా ఉండకూడదని నోటరీ గారు అన్నారు.)

కింది వేలిముద్ర సాక్షిగా కాదు. తోబుట్టువులు సాక్షులు కారాదని నోటరీ గారు చెబితే, "నా గొంతు రాసుకున్నప్పుడు నా వేలెందుకు రాసుకోరు?" అని అక్క అడిగి మరీ వేసింది.

(ఎడమ బొటనవేలి ముద్ర) సామిరా, గాయని